అమ్మ మీద రాసిన పుస్తకాన్ని వేసవి సెలవుల్లో పిల్లల చేత ఎలా చదివించాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీ అమ్మాయి హైదరాబాదులో అంతర్జాతీయ సిలబస్ చెప్పే బడిలో పదో తరగతిలోకి వెళ్తోంది. సెలవుల్లో చదవడానికి బడివారు జేమ్స్ మెక్‌బ్రైడ్ అనే అమెరికన్ రచయిత తన తల్లి గురించి రాసిన ‘ది కలర్ ఆఫ్ వాటర్’ ఇచ్చారు. బడి తెరిచాక దాని మీద వ్యాసం రాయాలి. కొన్ని పేజీలు చదివాక ఎప్పుడు ఎవరు మాట్లాడుతున్నారో తెలియక అమ్మాయి పుస్తకం పక్కన పెట్టేసింది. మీరే చదివి చెబుదామని తెరిస్తే, కన్నతండ్రే కూతురిని లైంగికంగా హింసించిన ప్రస్తావన కనిపించి కలవరపడ్డారు. ఈ పుస్తకం ఆ వయసుకు తగినదేనా, నెట్‌లో దొరికే సారాంశంతో సరిపెట్టవచ్చా, వ్యాసానికి ఇంట్లోవాళ్లం ఎంతవరకు సాయం చేయాలి అని అడిగారు.

సూటిగా చెబుతున్నాను. పుస్తకం మొత్తం చదివించండి, అయితే ఆమెను ఒంటరిగా వదలకుండా మీలో ఒకరు పక్కన చదవండి. సారాంశం వద్దు. వ్యాసం విషయంలో ఒక్క మాట గుర్తుంచుకుంటే చాలు. ఈ పుస్తకం తల్లి ఎంత గొప్పదో చాటడానికి రాసింది కాదు, తల్లి తన పిల్లల దగ్గర ఏం దాచిందో, ఎందుకు దాచిందో ఒక కొడుకు తెలుసుకున్న క్రమం. మీ అమ్మాయి ఆ క్రమాన్ని పట్టుకుని చదివితే వ్యాసం దానంతట అదే వస్తుంది.

నేను ఈ నగరంలోనే చాలా ఏళ్లుగా ఉన్నత తరగతులకు ఇంగ్లీషు చెబుతున్నాను. వేసవి పఠనానికి పుస్తకాలు ఎంపిక చేయడం, జూన్‌లో పిల్లలు తెచ్చే వ్యాసాలు దిద్దడం నా పనిలో భాగం. ఈ పుస్తకాన్ని పలు తరగతులతో చదివించాను కాబట్టి మన పిల్లలు ఎక్కడ ఆగిపోతారో, ఎక్కడ ఒక్కసారిగా కళ్లు తెరుస్తారో కొంత చెప్పగలను.

ముందు కథ ఏమిటో మీకు తెలియాలి. రచయిత తల్లి 1921లో పోలండ్‌లో ఒక సనాతన యూదు కుటుంబంలో పుట్టింది. ఆమె రెండేళ్ల పిల్లగా ఉన్నప్పుడు, 1923లో, కుటుంబం అమెరికా చేరింది. తండ్రి యూదు మతగురువు. ఒక ఊళ్లో నిలదొక్కుకోలేక ఇంకో ఊరికి మారుతూ చివరికి వర్జీనియా రాష్ట్రంలోని సఫోక్ అనే పట్టణంలో, నల్లజాతివారు నివసించే ప్రాంతంలో కిరాణా దుకాణం పెట్టాడు. పోలియో వల్ల ఆయన భార్య శరీరంలో ఒక పక్క చచ్చుబడింది, ఆమెకు ఇంగ్లీషు రాదు. దుకాణం చాకిరీ పిల్లల మీద పడింది. తండ్రి కొనేవాళ్లను మోసం చేసేవాడు, ఇంట్లో భార్యను హీనంగా చూసేవాడు, కూతురిని హింసించాడు. రాచెల్ అనే ఆ అమ్మాయి ఆ ఇల్లు వదిలి న్యూయార్క్ వెళ్లి రూత్ అయింది, క్రైస్తవ మతం తీసుకుంది, 1942లో ఆండ్రూ డెన్నిస్ మెక్‌బ్రైడ్ అనే నల్లజాతి వ్యక్తిని పెళ్లి చేసుకుంది. భార్యాభర్తలిద్దరూ కలిసి బ్రూక్లిన్‌లోని రెడ్ హుక్ ప్రాంతంలో ఒక బాప్టిస్ట్ చర్చి స్థాపించారు. 1957లో, జేమ్స్ ఇంకా కడుపులో ఉండగానే, డెన్నిస్ క్యాన్సర్‌తో చనిపోయాడు. తరువాత ఆమె హంటర్ జోర్డన్‌ను పెళ్లి చేసుకుంది, 1972లో ఆయన కూడా పోయాడు. మొదటి భర్త వల్ల ఎనిమిది మంది, రెండో భర్త వల్ల నలుగురు, మొత్తం 12 మంది పిల్లలు. 12 మందినీ కాలేజీ చదువులు చదివించింది. తానూ 1986లో, 65వ ఏట, టెంపుల్ యూనివర్సిటీ నుంచి డిగ్రీ తీసుకుంది.

ఇంత జీవితాన్ని ఆమె పిల్లలకు చెప్పలేదు. నువ్వు తెల్లదానివా అని అడిగితే తన ఒంటి రంగు కాస్త లేత అని చెప్పి మాట మార్చేసేది. నీ తల్లిదండ్రులెవరు, ఎక్కడ పుట్టావు అని అడిగితే చదువుకోమని కసిరేది. పెద్దయి విలేకరి అయ్యాక కొడుకు ఏళ్ల తరబడి బతిమాలితే గాని నోరు విప్పలేదు. పుస్తకం పేరు కూడా అలాంటి ఒక సంభాషణలోంచే వచ్చింది. దేవుడు నల్లవాడా తెల్లవాడా అని చిన్నప్పుడు చర్చి నుంచి వస్తూ కొడుకు అడిగితే, దేవుడిది నీటి రంగు అని ఆమె జవాబిచ్చింది.

ఇప్పుడు మీ అమ్మాయి తికమక గురించి. ఇది చాలామంది పిల్లలకు వచ్చేదే, దీనికి మందు సులభం. పుస్తకంలో 25 అధ్యాయాలు, చివర ఒక ముగింపు భాగం ఉన్నాయి. మొదటి 24 అధ్యాయాల్లో బేసి సంఖ్యవి తల్లి మాటలు, సరి సంఖ్యవి కొడుకు మాటలు. తల్లి మాటలను వాలు అక్షరాల్లో అచ్చు వేశారు. 25వది కొడుకుదే. విషయ సూచిక పేజీలో అధ్యాయాల పక్కన పెన్సిలుతో ‘అ’ అనీ ‘కొ’ అనీ గుర్తు పెట్టమనండి. ఆ ఒక్క పనితో సగం భయం పోతుంది.

మిగతా సగం పోవడానికి, అధ్యాయాలను జంటలుగా చదవాలి. ఒక్కో విడతలో ఒక తల్లి అధ్యాయం, దాని వెంటే ఉన్న కొడుకు అధ్యాయం. రచయిత వాటిని ఊరికే పక్కపక్కన పెట్టలేదు. అయిదో అధ్యాయానికి బైబిల్‌లో యూదులకూ పవిత్రమైన తొలి భాగం, పాత నిబంధన పేరు పెట్టి అందులో తల్లి తన తండ్రి మతాన్నీ ఆ ఇంటి వాతావరణాన్నీ చెబుతుంది. ఆరో అధ్యాయానికి క్రీస్తు కథ చెప్పే కొత్త నిబంధన పేరు పెట్టి కొడుకు తాము పెరిగిన చర్చిని చెబుతాడు, నీటి రంగు సంభాషణ వచ్చేదీ అక్కడే. విడివిడిగా చదివితే రెండూ రెండు జ్ఞాపకాలు. కలిపి చదివితే, తన తండ్రి కొలిచిన దేవుడిని వదిలి వచ్చిన మనిషి తన పిల్లలకు ఎలాంటి దేవుడిని ఇచ్చిందో కనిపిస్తుంది. ఏడో అధ్యాయంలో తల్లి ఇల్లు వదిలి పారిపోయిన తన అన్న సామ్ గురించి చెబుతుంది. ఎనిమిదోదానిలో కొడుకు, ఒకే ఇంట్లో ఒకరి మీద ఒకరు పడుతూ పెరిగిన తన తోబుట్టువుల గురించి చెబుతాడు. ఈ రెండింటి మధ్య దూరాన్ని తరగతిలో చెప్పకుండా వదిలేసినా, జంటగా చదివిన పిల్లలు తామే పట్టుకున్నారు. రోజుకొక జంట చదివితే రెండు వారాల్లో పుస్తకం హాయిగా పూర్తవుతుంది. మధ్యలో ఊరికి వెళ్లినా, పెళ్లిళ్లు వచ్చినా సెలవుల్లో చోటు మిగులుతుంది.

రెండో పద్ధతి నేను చాలా ముఖ్యమని నమ్ముతాను. మూడు రంగుల పెన్సిళ్లు ఇవ్వండి. కొడుకు తన కళ్లతో చూసినది ఒక రంగు, తల్లి చెబితే తెలిసినది ఒక రంగు, అతను ఊళ్లు తిరిగి మనుషులను అడిగి కనుక్కున్నది ఒక రంగు. పుస్తకం పాడవుతుందనుకుంటే అట్టముక్కల మీద పేజీ సంఖ్యలు రాసుకోవచ్చు. జ్ఞాపకాల పుస్తకానికీ నవలకూ తేడా ఏమిటని అడిగితే మన పిల్లలు ఒకటి నిజం, ఒకటి కల్పన అని చెప్పి ఊరుకుంటారు. ఆ జవాబు చాలదు. జ్ఞాపకాల పుస్తకంలో ప్రతి నిజానికీ ఒక దారి ఉంటుంది, అది రచయితకు ఎలా చేరిందనేదే అసలు సంగతి. ఉదాహరణకు, 1992 ఆగస్టులో మెక్‌బ్రైడ్ సఫోక్ వెళ్లి అక్కడి యూదు ప్రార్థనామందిరం ముందు నిలబడతాడు, తాతను ఎరిగిన వృద్ధులను కలుసుకుంటాడు. ఆ ఊరివాళ్లు షిల్‌స్కీ అన్న తాత ఇంటిపేరు వినగానే ఎలా స్పందించారో రాశాడు. అంతవరకు తల్లి నోట విన్న తాత, అక్కడ ఇతరుల నోట మరోసారి కనిపిస్తాడు. ఇరవైవ, ఇరవై రెండవ అధ్యాయాలలో ఈ మూడో రంగు దట్టంగా వస్తుంది. నా విద్యార్థి ఒకడు తన గుర్తులన్నీ చూసుకుని, పుస్తకం మొదట్లో మూడో రంగు దాదాపు లేదనీ చివరికి వచ్చేసరికి అదే ఎక్కువ అయిందనీ గమనించాడు. తల్లి మాటను నమ్మకనా సార్ ఈయన వెళ్లింది, లేక నమ్మాడు కాబట్టా అని అడిగాడు. ఆ ప్రశ్న మీదే ఆ రోజు తరగతి అంతా నడిచింది.

చరిత్ర కొంచెం చెప్పాలి, లేకపోతే ఆమె దాపరికం పిల్లలకు మొండితనంగా తోస్తుంది. ఆమె పెరిగిన వర్జీనియాలో తెల్లవారు, నల్లవారు పెళ్లి చేసుకోవడం చట్టరీత్యా నేరం. అమెరికా సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టివేసింది 1967లో. అంటే ఆమెకు పెళ్లయిన పాతికేళ్లకు. ఆమె పెళ్లి చేసుకున్న న్యూయార్క్‌లో అలాంటి నిషేధం లేదు గాని వీధిలో చూపులు, మాటలు తప్పలేదు. ఇక పుట్టింటి సంగతి. యూదుల్లో దగ్గరివాళ్లు పోయినప్పుడు ఏడు రోజులు ఇంట్లో కూర్చుని శోకం పాటిస్తారు, దాన్ని షివా అంటారు. ఆమె నల్లజాతి వ్యక్తిని చేసుకున్నందుకు, ఆమె బతికుండగానే ఇంటివారు ఆ శోకం పాటించారు. పుస్తకం మొదటి అధ్యాయంలోనే ఆమె తాను చచ్చిపోయినదాన్నని చెప్పడానికి కారణం ఇదే. మీ అమ్మాయి అక్కడ ఆగిపోయి ఉంటే ఆశ్చర్యం లేదు. మన పిల్లలకు ఇది వివరించడం కష్టం కాదు. కులం మార్చి పెళ్లి చేసుకున్న కూతురికి నీళ్లు వదిలేశామని చెప్పే తల్లిదండ్రుల గురించి వాళ్లు తెలుగు పత్రికల్లో చదువుతూనే ఉన్నారు. కొందరు తమ చుట్టాల్లోనే చూశారు. ఈ పోలికను దాచకుండా ఇంట్లో మాట్లాడమని మీకు చెబుతాను. అమెరికాలోని జాతి వివక్షను చదివి అయ్యో పాపం అనుకుని ఊరుకునే పిల్లలకు, తమ ఇంటి పెళ్లిపత్రికల్లో కూడా అలాంటి గీత ఒకటి ఉందని తెలియడం మంచిదే. అయితే రెండూ ఒకటేనని తేల్చేయవద్దు. వర్ణ వివక్షకూ కుల వివక్షకూ చరిత్రలు వేరు, చట్టాలు వేరు. పోలిక పుస్తకంలోకి వెళ్లడానికి తలుపు కావాలి గాని, పుస్తకాన్ని చదవకుండా తప్పించుకునే దారి కాకూడదు.

ఇక మీకు అసలు భయం కలిగించిన విషయం. పుస్తకంలో ఏముందో ముందుగానే తెలుసుకోవడం తల్లిదండ్రులుగా మీ హక్కు, కాబట్టి దాచకుండా చెబుతాను. తండ్రి చేసిన లైంగిక హింసను ఆమె తొలి భాగంలోనే చెబుతుంది. అది కొద్ది వాక్యాల్లోనే ఉంటుంది, వర్ణనలు ఉండవు. టీనేజిలో ఒక నల్లజాతి యువకుడిని ప్రేమించడం, గర్భం రావడం, న్యూయార్క్‌లో గర్భస్రావం చేయించుకోవడం మధ్య భాగంలో వస్తాయి. న్యూయార్క్‌లో నల్లజాతివారి ప్రాంతమైన హార్లెంలో ఒకడు ఆమెను పడుపువృత్తిలోకి దించాలని చూసిన సంగతి కూడా ఉంది. కొడుకు వైపు చూస్తే, సవతి తండ్రి పోయాక బడి మానేసి, మత్తుమందులు వాడి, చిల్లర దొంగతనాలు చేసిన కాలం ఉంది. నల్లవారిని దూషించే మాటలు ఆ కాలంలో వాడినట్టే అచ్చయ్యాయి.

పదిహేనేళ్ల పిల్లకు ఇవి తగినవా? తగినవే అని నా అభిప్రాయం, పక్కన మాట్లాడే పెద్దమనిషి ఒకరు ఉంటే. ఈ వయసు పిల్లలు వీటిని ఫోనులో ఎలాగూ చూస్తున్నారు కాబట్టి పర్వాలేదు అనే వాదన నేను చేయను, అది నిర్లక్ష్యం. నా కారణం వేరు. ఫోనులో కనిపించేవాటిలో బాధపడిన మనిషి గొంతు ఉండదు. ఇక్కడ ఆ మనిషి, వయసు మళ్లాక, తన కొడుకుతో, తన మాటల్లో, తాను చెప్పదలచుకున్నంతే చెబుతోంది. హింసకు గురైన పిల్ల తప్పు చేసినట్టు సిగ్గుపడనక్కర్లేదనీ, తరువాత కూడా నిండు జీవితం ఉంటుందనీ ఈ పుస్తకం ఎక్కడా ఉపదేశించదు, బతికి చూపించిన మనిషిని మన ముందు కూర్చోబెడుతుంది. ఆ పేజీలు వచ్చే ముందు అమ్మాయి తల్లిగారు గాని, అమ్మాయికి దగ్గరైన పిన్నిగాని అత్తగాని, ‘ఇక్కడ ఇలాంటి విషయం ఉంది, చదివాక ఏమైనా అడగాలనిపిస్తే అడుగు, అడగాలనిపించకపోతే కూడా సరే’ అని ఒక్క మాట చెబితే చాలు. చదివాక గుచ్చి గుచ్చి అడగవద్దు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. అమ్మాయి ఆ భాగం తరువాత అసాధారణంగా మౌనంగా మారినా, నిద్ర పట్టడం లేదన్నా దాన్ని పుస్తకం ప్రభావమని కొట్టిపారేయకండి. చదువు పక్కన పెట్టి ఆమెతో కూర్చోండి. అవసరమైతే బడిలోని కౌన్సెలర్‌ను కలవండి. పిల్లల కోసం 1098 నంబరుతో చైల్డ్ హెల్ప్‌లైన్ ఉచిత ఫోను సేవ ఉందని ఆ వయసు పిల్లలందరికీ ఎలాగూ తెలిసి ఉండాలి.

బడికి ఉత్తరం రాసి పుస్తకం మార్పించాలా అని కూడా అడిగారు. మీ ఇంట్లో ఇటీవల ఇలాంటి గాయం ఏదైనా జరిగి ఉంటే తప్పకుండా మార్పించండి, ఏ మంచి టీచరూ కాదనరు. లేకపోతే వద్దు.

సారాంశం గురించి ఎక్కువ చెప్పను. ఇప్పుడు నెట్‌లోనే కాదు, ఫోనులోని ఏఐ యాప్‌ను అడిగినా అధ్యాయాలవారీ సారాంశం నిమిషంలో వస్తుంది. దానిలో సంఘటనలు ఉంటాయి. ఈ పుస్తకంలో సంఘటనలకంటే, తల్లి ఎక్కడ మాట ఆపిందన్నది ముఖ్యం. సారాంశంలో మొదట పడిపోయేది అదే. ఒక్క ఉదాహరణ చూడండి. రెండో అధ్యాయంలో, రెండో భర్త పోయిన దుఃఖంలో ఉన్న ఆమె ఒక పాత సైకిలు ఎక్కి నల్లవారి పేటలో నింపాదిగా తొక్కుకుంటూ పోతుంది. తెల్లావిడ, నడివయసు, అందరూ చూస్తున్నారు, పద్నాలుగేళ్ల కొడుకు సిగ్గుతో చచ్చిపోతున్నాడు, ఆమెకు ఏదీ పట్టదు. సారాంశం దీన్ని ‘తల్లి సైకిలు తొక్కడం జేమ్స్‌ను ఇబ్బంది పెట్టేది’ అని ఒక ముక్కలో ముగిస్తుంది. పుస్తకం చదివిన పిల్లలకు మాత్రం, ఆమె ఎందుకు ఆగకుండా కదులుతూ ఉంటుందో, నిలబడితే ఏం గుర్తొస్తుందో తరువాతి తల్లి అధ్యాయాలు ఒక్కొక్కటే చెబుతూ పోతాయి.

వ్యాసానికి వస్తాను. తెలుగు ఇళ్లలో పెరిగిన పిల్లలకు అమ్మ మీద వ్యాసమంటే ఒక అచ్చు సిద్ధంగా ఉంటుంది. అమ్మ త్యాగమూర్తి, కొవ్వొత్తిలా కరిగిపోతుంది, ఆమె రుణం తీర్చుకోలేం. ఆరో తరగతి నుంచి వక్తృత్వ పోటీలకు కంఠస్థం చేసిన వాక్యాలే ఇంగ్లీషులోకి వస్తాయి. జూన్‌లో నాకు అందే వ్యాసాల్లో పేరు మార్చితే ఏ తల్లికైనా సరిపోయేవి కుప్పలుగా ఉంటాయి. రూత్ మెక్‌బ్రైడ్ జోర్డన్‌కు ఆ అచ్చు సరిపోదు. ఆమె ముక్కోపి. ఇల్లు చిందరవందర. వంట రాదు. రాత్రి షిఫ్టులో బ్యాంకులో టైపిస్టుగా పనిచేస్తుంటే ఇంట్లో పెద్దపిల్లల పెత్తనం నడిచేది. అబద్ధం చెప్పేది, కనీసం నిజం దాచేది. ఇల్లు వదిలినప్పుడు చెల్లెలిని, జబ్బుమనిషి అయిన తల్లిని ఆ తండ్రి దగ్గరే వదిలి వచ్చింది, ఆ బరువు ఆమెను జీవితాంతం వదలలేదు. ఇవన్నీ రాయడం ఆమెను తక్కువ చేయడమవుతుందేమోనని పిల్లలు నన్ను అడుగుతారు. సొంత కొడుకే రాశాడు కదా, ప్రేమ లేకనా రాశాడు అని చెబుతాను.

వ్యాసానికి ఒకే ఒక వైరుధ్యం ఎంచుకోమనండి. నాకు అన్నింటికంటే ఇష్టమైనది ఇది. ఆమె యూదు మతాన్ని, యూదు కుటుంబాన్ని పూర్తిగా వదిలేసింది. కాని పిల్లలను బడిలో వేయాల్సి వచ్చినప్పుడు, ఎంత దూరమైనా బస్సుల్లో యూదు పిల్లలు ఎక్కువగా చదివే ప్రభుత్వ బడులకే పంపింది, ఎందుకంటే అక్కడ చదువు బాగుంటుందని ఆమెకు తెలుసు. వదిలేసిన ఇంటి నుంచి ఒక్క వస్తువు మాత్రం మూటగట్టుకుని వచ్చినట్టు, చదువు పట్ల ఆ పట్టుదలను తెచ్చుకుంది. ఈ ఒక్క విషయం మీద రెండు పేజీలు నిండుగా రాయవచ్చు, మూడో అధ్యాయం నుంచి పదో అధ్యాయం వరకు ఆధారాలు దొరుకుతాయి. ఇంకొక విద్యార్థిని, పిల్లలు అడిగిన ప్రశ్నలనూ తల్లి తప్పించుకున్న జవాబులనూ మాత్రమే జాబితా చేసి, కథ ముందుకు సాగేకొద్దీ అవే ప్రశ్నలకు తల్లి అధ్యాయాల్లో జవాబులు ఎక్కడ దొరికాయో చూపించింది. ఇంగ్లీషు అంత బాగా రాని పిల్ల. ఆ ఏడాది నేను చదివిన వ్యాసాల్లో అదే ఉత్తమమైనది.

మీరు చేయగల సాయం ఏమిటంటే, రాయడానికి ముందు ఆమె చేత తెలుగులో చెప్పించడం. ‘ఈవిడ ఎందుకు దాచింది?’ అని అడిగి, అడ్డు రాకుండా వినండి. నోటితో తెలుగులో చెప్పగలిగిన ఆలోచన ఇంగ్లీషులో కాస్త తడబడుతూనైనా వస్తుంది. తెలుగులో చెప్పలేనిది ఇంగ్లీషులో పెద్ద మాటలుగా మారుతుంది. వ్యాసంలో మీ చేయి పెట్టకండి. తండ్రి రాసిన వాక్యం మూడో పంక్తిలోనే తెలిసిపోతుంది.

చాలా బడులు దీనికి జతగా, మీ అమ్మనో అమ్మమ్మనో నానమ్మనో పలకరించి రాయమని అడుగుతాయి. మీ బడి అడగకపోయినా చేయించమంటాను, ఎందుకంటే కొడుకు పడిన కష్టం ఏమిటో అప్పుడే అర్థమవుతుంది. ఇందులో పిల్లలు ఒకే చోట బోల్తా పడతారు. ఫోను రికార్డింగు పెట్టి ‘నానమ్మా, నీ జీవితం గురించి చెప్పు’ అంటారు. ‘ఏముంది బిడ్డా చెప్పనీకి’ అనే జవాబుతో పని అయిపోతుంది. నిజామాబాదు వైపు నుంచి వచ్చిన కుటుంబం పిల్ల ఒకతెకు ఇదే జరిగితే, నానమ్మ చేతి పని ఏమిటని అడగమన్నాను. ఆవిడ పెళ్లయినప్పటి నుంచి బీడీలు చుట్టింది. ఈసారి పిల్ల బీడీ ఆకు కత్తిరించే కత్తెర ఇంకా ఉందా అని అడిగింది. ఉంది. అది చేతికి రాగానే, తునికాకు ఎలా తడిపేవాళ్లో, ఎలా కత్తిరించేవాళ్లో, చాట ఒళ్లో పెట్టుకుని తంబాకు ఎంత వేయాలో, లెక్క అప్పజెప్పేటప్పుడు బాగా లేవని ఎన్ని బీడీలు పక్కకు తీసేసేవాళ్లో చెబుతూ పోయింది. ఆ లెక్కలోంచి అత్తగారు, అందులోంచి చదువు ఆగిపోయిన రోజు, అందులోంచి పోయిన బిడ్డ ఒకతె బయటికి వచ్చారు. ఆ పిల్ల తండ్రికి కూడా తనకొక అక్క ఉండేదని అప్పటివరకు సరిగా తెలియదు. పెద్దవాళ్లను జీవితం అడగకూడదు, వస్తువును, పనిని, దారిని అడగాలి. పెళ్లయి ఏ బస్సులో వచ్చావు, మొదటి అద్దె ఇల్లు ఏ గల్లీలో, నల్లా నీళ్లు ఎన్ని గంటలకు వచ్చేవి, అలాంటివి.

దీనికి రెండు నియమాలు పెడతాను. చెప్పనన్నది రెండోసారి అడగకూడదు. రాసిన తరువాత బడికి ఇచ్చే ముందు ఆవిడకు చదివి వినిపించి, వద్దన్నది తీసేయాలి. కులాంతర వివాహం చేసుకుని పుట్టింటికి దూరమైన ఒక అమ్మమ్మ, తన కథంతా రాయమని ఒప్పుకుని, ఊరి పేరు మాత్రం వద్దన్నది. అన్నదమ్ముల పిల్లలు అక్కడే ఉన్నారు, వాళ్లకు మాట రాకూడదు అన్నది. మనవరాలు ఊరి పేరు లేకుండానే రాసింది, వ్యాసానికి ఏ లోటూ రాలేదు. మెక్‌బ్రైడ్ కూడా తల్లి ఒప్పుకున్నాకనే రాశాడు, ఆ ఒప్పుదల కోసమే అన్నేళ్లు ఆగాడు.

చివరిగా పుస్తకం ప్రతి గురించి. మీరూ చదవాలంటే ఇంట్లో రెండో ప్రతి ఉండటం మంచిది. కొత్తది కొనకుండా, ఆదివారం ఉదయం ఎండ ముదరకముందే ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీది పాత పుస్తకాల వరుసలు చూడండి, కోఠిలోని పాత పుస్తకాల దుకాణాల్లో కూడా అడగండి. అమెరికా బడుల్లో ఎక్కువగా చదివించే పుస్తకం కాబట్టి పాత ప్రతులు దొరికే అవకాశం ఉంది. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో కూడా ఒకసారి అడగవచ్చు. ఏ ప్రతి కొన్నా లోపల తల్లి అధ్యాయాలు, కొడుకు అధ్యాయాలు వేరువేరు అక్షరాల్లో ఉన్నాయో లేదో తెరిచి చూసి కొనండి. దొంగ అచ్చు ప్రతుల్లో కొన్నిసార్లు అంతా ఒకే అక్షరంలో వస్తుంది, అప్పుడు మీ అమ్మాయి మళ్లీ మొదటి ఇబ్బందికే వస్తుంది. ఆమె ఇప్పటికి చదివిన పేజీలు వృథా కాలేదు. మొదటి రెండు అధ్యాయాలను ఈసారి జంటగా, ఒకే విడతలో మళ్లీ చదివించి, మూడో అధ్యాయం మీరిద్దరూ ఒకే రోజు మొదలుపెట్టండి.